కూర్చోబెట్టి వడ్డిద్దాం

(ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల్లో సికింద్రాబాద్‌లో కొన్ని క్రైస్తవ సంఘాలు కలిసి జరుపుకున్న సాయంకాల కూడికలో ఒక రిటైర్డ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ వందనాలు. వేదిక మీదున్న పాస్టరుగార్లకి, సంఘపెద్దలకి, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్ళకి, వెనక బెంచీల్లో కూర్చున్న యవ్వనస్థులకి కూడా వందనాలు. నేను చెప్పబోయేదాంట్లో ఎక్కువ పని ఆ వెనక బెంచీలవాళ్ళ మీద పడేదే కాబట్టి వాళ్ళు కాస్త ముందుకొచ్చి కూర్చుంటే సంతోషిస్తాను.

ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి అన్నం పెట్టడం గురించి మాట్లాడమన్నారు. పెట్టాలా వద్దా అని ఈ హాల్లో ఎవరికీ అనుమానం లేదు. బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయం మనందరికీ నోటికి వచ్చు. "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టితిరి" అని సండే స్కూల్లోనే కంఠస్థం చేశాం. అందుకని ఎందుకు పెట్టాలన్నది పక్కన పెట్టి, ఎలా పెట్టాలన్నదాని మీదే మాట్లాడతాను.

యేసు ప్రభువు ఐదు రొట్టెలు, రెండు చేపలతో వేలమందికి పెట్టిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. పొద్దు వాలింది. ఊరికి దూరంగా ఉన్న చోటు. శిష్యులు ప్రభువు దగ్గరికొచ్చి, వీళ్ళని పంపించెయ్యండి, చుట్టుపక్కల ఊళ్ళలోకి వెళ్ళి ఏదో ఒకటి కొనుక్కుంటారు అన్నారు. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. మనం పెద్ద కూడిక పెట్టి భోజనాల ఏర్పాటు చెయ్యలేకపోతే మన కమిటీ కూడా అదే మాట అంటుంది. ఆయన మాత్రం "వారు వెళ్లనక్కరలేదు, మీరే వారికి భోజనము పెట్టుడి" అన్నాడు.

ఆ తర్వాత మనం గబగబా చదివేసి అద్భుతం దగ్గరికి వెళ్ళిపోతాం. మధ్యలో చిన్న ఆజ్ఞ ఒకటి ఉంది. జనాన్ని కూర్చోబెట్టమన్నాడు. పచ్చిక మీద, వందమంది చొప్పున, యాభైమంది చొప్పున పంక్తులు తీర్చి కూర్చోబెట్టమన్నాడు. చీకటి పడబోతోంది. వడ్డించేవాళ్ళు పన్నెండుమంది, తినేవాళ్ళు వేలల్లో. నిలబడ్డవాళ్ళకి నిలబడ్డట్టే తలో ముక్క చేతిలో పెట్టి పంపేస్తే పని తొందరగా తెమిలిపోయేది. ఆయన అలా చెయ్యలేదు. కూర్చున్నవాడికి తోసుకునే పని ఉండదు. తన వంతు వచ్చేసరికి అయిపోతుందేమోనన్న భయం ఉండదు. ముసలివాడైనా, చంటిపిల్ల తల్లైనా, కాలు లేనివాడైనా, ఉక్కులాంటి కుర్రాడైనా అన్నానికి ఒకే దూరంలో ఉంటారు. వడ్డించేవాడే వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళాలి, వంగాలి. చేపలు కూడా వాళ్ళకి ఇష్టమైనంత వడ్డించాడని యోహాను రాశాడు. అంటే, ఇంకా కావాలా అని అడిగారన్నమాట.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. రాత్రి తొమ్మిది దాటాక సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద చూడండి. ఒక వ్యాను వచ్చి ఆగుతుంది. ఇంజను ఆపరు. వెనక తలుపు తీసి ఇద్దరు కుర్రాళ్ళు పొట్లాలు అందించడం మొదలుపెడతారు. ఎక్కడెక్కడి నుంచో జనం పరిగెత్తుకొస్తారు. కాళ్ళలో సత్తువ ఉన్నవాడికి రెండు దొరుకుతాయి. బొంత మీద పడుకుని లేవలేని పెద్దమనిషికి ఒక్కటీ దొరకదు. చంకలో బిడ్డనెత్తుకున్న ఆమె దగ్గరికొచ్చేలోపే వ్యాను కదిలిపోతుంది. ఎవరు ఎక్కువ ఆకలితో ఉన్నారో వాళ్ళే పరిగెత్తలేరు. ఇది నర్సుగా చెప్తున్నాను, తిండి లేని ఒంటికి ముందు పోయేది కాళ్ళలో బలమే.

ఆ కుర్రాళ్ళని నేను తప్పుపట్టడం లేదు. వాళ్ళు ఇల్లు కదిలి వచ్చారు, సొంత జేబులోంచి ఖర్చుపెట్టారు. వాళ్ళకి ఎవరూ ఇంకో పద్ధతి చూపించలేదు, అంతే. కానీ ఆదివారం రాత్రి ఒకే చోటికి నాలుగైదు వ్యాన్లు వచ్చి, సగం బిర్యానీ మురిక్కాలవలో కొట్టుకుపోతుంటే, మంగళవారం అదే చోట మనుషులు ఉట్టి టీ తాగి పడుకోవడం చూశాను. ఆకలికి సెలవు రోజులు ఉండవు కదా.

అసలు బిర్యానీ గురించే ఒక మాట చెప్పనివ్వండి. మనం పెట్టేది మంచిదే అయ్యుండాలని, మన ఇంట్లో పండగలాగే ఉండాలని బిర్యానీ పెడతాం. మనసు మంచిదే. కానీ రెండు మూడు రోజులు సరిగా తినని మనిషికి ఒక్కసారిగా నూనె, మసాలా, కడుపు నిండా అన్నం పెడితే ఒళ్ళు తట్టుకోదు. వాంతులవుతాయి, విరేచనాలవుతాయి. అర్ధరాత్రి ఫుట్‌పాత్ మీదున్న ఆడమనిషికి విరేచనాలు పట్టుకుంటే ఆమె ఎక్కడికెళ్ళాలో ఒక్క నిమిషం ఆలోచించండి. బాగా చిక్కిపోయినవాళ్ళకి ముందు గంజి, పల్చటి జావ, కొంచెం కొంచెంగా ఇవ్వాలి. వాళ్ళని ఆసుపత్రికి చేర్చాలి. ఎందుకంటే చాలా రోజుల పస్తు తర్వాత ఒక్కసారిగా తినడం ప్రాణం మీదికి తెస్తుంది. రోడ్డు మీదున్న ముసలివాళ్ళలో చాలామందికి పళ్ళుండవు, కొందరికి షుగరు ఉంటుంది. టీబీ మందులు వేసుకునేవాళ్ళుంటారు. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, ఏదో ఒక ఆకుకూర, గుడ్డు, పల్చటి మజ్జిగ, ఇవి చాలామందికి సరిపడతాయి. ఎండాకాలంలో పొద్దున కలిపిన పెరుగన్నం రాత్రికి పెట్టకండి, పులిసిపోతుంది. వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లో పొయ్యకండి. తాగడానికి నీళ్ళు మర్చిపోకండి. అన్నం తెచ్చి నీళ్ళు మర్చిపోయే బృందాలే ఎక్కువ. చెయ్యి కడుక్కోవడానికి కూడా నీళ్ళు కావాలి. రోజంతా చెత్త ఏరిన చేతులతో అన్నం కలుపుకోమంటే ఎలా కలుపుకుంటారు?

అసలు వీళ్ళెవరు అన్న సంగతి కూడా మనకి సరిగా తెలియదు. ఫుట్‌పాత్ మీద కనిపించే ప్రతి మనిషినీ బిచ్చగాడు అనేస్తాం. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. వాళ్ళలో పనిచేసుకునేవాళ్ళే చాలామంది. తెల్లారకముందే లేచి ప్లాస్టిక్, అట్టలు ఏరి అమ్ముకునేవాళ్ళు, పెళ్ళిళ్ళలో ప్లేట్లు కడిగేవాళ్ళు, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చి పొద్దున లేబర్ అడ్డా మీద నిలబడేవాళ్ళు. అద్దె కట్టలేక, కట్టినా ఊరికి పంపడానికి ఏమీ మిగలక బయట పడుకుంటారు. కొడుకు, కోడలు గెంటేసిన తల్లులున్నారు. మనసు చెదిరి ఇల్లు మర్చిపోయినవాళ్ళున్నారు. తాగి తాగి అన్నీ పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. పెద్ద సర్కారు దవాఖానాల బయట ఉండేవాళ్ళ సంగతి వేరు. లోపల బెడ్డు మీద మొగుడో బిడ్డో ఉంటాడు, బయట గేటు దగ్గర చాప మీద ఈమె ఉంటుంది. ఊళ్ళో ఆమెకి ఇల్లుంది, పొలం కూడా ఉండొచ్చు. ఇక్కడ మాత్రం ఒక పూట తిండికి, ఒక మందు చీటీకి మధ్య లెక్కలు వేసుకుంటూ ఉంటుంది. ఆమె చెయ్యి చాచదు. వ్యాను వెనక అసలే పరిగెత్తదు. ఆమెకి అన్నం పెట్టాలంటే పక్కన కూర్చుని, ఏ ఊరమ్మా అని అడగాలి.

శిష్యులు పంపించెయ్యండి అన్నారని చెప్పాను కదా. ఆ మాట మన నగరంలో ఇప్పటికీ వినిపిస్తుంది. 2017 నవంబరులో ఇక్కడ అంతర్జాతీయ సదస్సు జరగబోతుందని హైదరాబాద్‌లో రెండు నెలలపాటు బిచ్చమెత్తడాన్ని నిషేధించారు. రోడ్ల మీదున్నవాళ్ళని చాలామందిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకి తరలించారు. అక్కడ తిండి పెట్టారు, బట్టలిచ్చారు, అది కాదనను. కానీ ఆ రోజుల్లో మన సంఘాల్లో ఎన్ని చోట్ల, ఆ మనుషులు ఎటు పోయారని అడిగాం? మనకి ముందు తట్టింది రోడ్లు బాగున్నాయనే.

ఇక నా మనసులో బలంగా ఉన్న సంగతికి వస్తాను. ఈ హాల్లో కూర్చున్న మనలో ఎక్కువమంది తాతముత్తాతలు పంక్తిలో కూర్చోనివ్వబడని మనుషులు. ఇది దాచుకోవాల్సిన సంగతేమీ కాదు. పెళ్ళిళ్ళలో, దేవర్లలో, ఆసాముల ఇళ్ళల్లో అందరూ తిన్నాక, పెరటి వైపు, దూరంగా నిలబడితే మిగిలింది పెట్టేవాళ్ళు. దాహమేస్తే దోసిలి పట్టాలి, పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు, చెంబు తగలకుండా. మా నాయనమ్మ ఆ దోసిలి ఎలా పట్టాలో చేసి చూపించేది, మోచేతుల మీదుగా నీళ్ళు కారి చీరంతా తడిసిపోయేదని చెప్పేది. కడుపు నిండిన రోజులు కూడా ఆమెకి అవమానంగానే గుర్తున్నాయి. అలాంటి మనుషులు మొదటిసారి అందరితో కలిసి ఒకే రొట్టె, ఒకే పాత్ర అందుకున్నది ప్రభువు బల్ల దగ్గర, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో. మనకి సువార్త అంటే ముందు అది.

మరి ఇవాళ మన సంఘంలో పెళ్ళి జరుగుతుంది. షామియానా లోపల బఫే. గేటు బయట నలుగురైదుగురు నిలబడి ఉంటారు. చివర్లో వాచ్‌మన్ చేతికి కవర్లిచ్చి, బయట వాళ్ళకి ఇచ్చెయ్ అంటాం. మన నాయనమ్మలు నిలబడ్డ చోటే వాళ్ళని నిలబెడుతున్నాం. ఇది నన్ను చాలా బాధపెడుతుంది, అందుకే గొంతు పెంచుతున్నాను, క్షమించండి. "నీవు విందు చేయునప్పుడు బీదలను అంగహీనులను కుంటివారిని గ్రుడ్డివారిని పిలువుము" అని లూకా 14లో ఉంది. ప్రభువు పిలవమన్నాడు. మిగిలింది పంపమనలేదు.

తెలుగు క్రైస్తవుల చరిత్రలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1876లో వానలు ముఖం చాటేశాయి. ధాత కరువు అని మన పెద్దలు చెప్పుకునేది అదే. రెండేళ్ళపాటు దక్షిణాదిలో చాలా భాగం ఎండిపోయింది. పల్లెల్లో పనులు పోయి, గింజలు అయిపోయి, జనం ఊళ్ళు వదిలి రోడ్డున పడ్డారు. మాల, మాదిగ పల్లెలు అందరికంటే ముందు చితికిపోయాయి, ఎందుకంటే వాళ్ళకి గాదెలూ లేవు, భూమీ లేదు. అప్పటికి పదేళ్ళుగా ఒంగోలులో ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌగారు యవ్వనంలో సర్వే పని చేసిన మనిషి. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, ఆయన వెళ్ళి అందులో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుగా తీసుకున్నాడు. బోధకుల్నే పనికి మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చి మట్టి తవ్వి, మొయ్యగలిగినవాళ్ళు మోసి, కూలి తీసుకుని తిన్నారు.

నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతి సంగతి. ఆ జనంలో చాలామంది, మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. క్లౌగారు ఒప్పుకోలేదు. కరువు కాలం మొత్తం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట ఎవరూ అనకూడదని, ఆకలిలో ఉన్న మనిషి చెప్పే అవునుని అవునుగా తీసుకోకూడదని. ఒక మిషనరీకి అది ఎంత కష్టమైన నిర్ణయమో ఆలోచించండి. విదేశాల్లో ఆయన్ని పంపినవాళ్ళు లెక్కలడుగుతుంటారు. అయినా ఆపాడు. వానలు పడి, కూలి పంపకాలు ముగిశాకనే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏట్లో, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మనం ప్రతి జూబిలీ సభలోనూ చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన తలుపు మూసిపెట్టిన నెలల గురించి ఎవరూ చెప్పరు. ఆ రోజు వచ్చినవాళ్ళు కరువు వల్లే వచ్చారని వాదించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ వాదన వాళ్ళది. ఆ మనిషి మాత్రం అన్నానికీ విశ్వాసానికీ మధ్య తన వంతు దూరం పాటించాడు.

మనం పాటిస్తున్నామా? ఇక్కడ నిష్కర్షగా మాట్లాడుకుందాం. అన్నం గిన్నెలు ఎదురుగా పెట్టి, మూతలు తియ్యకుండా, ముప్పావు గంట వాక్యం చెప్పే బృందాలున్నాయి. ఆకలి మీదున్న మనిషి ఆ వాసనకి ఎన్ని ఆమేన్లు అయినా చెప్తాడు. ఆ ఆమేన్ ప్రభువుకి వద్దు. ముందు అన్నం పెట్టండి. తిన్నాక లేచి వెళ్ళిపోయేవాడిని ప్రేమగా వెళ్ళనివ్వండి. హిందువైతే హిందువుగా, ముసల్మానైతే ముసల్మానుగా తిని వెళ్ళనివ్వండి. ప్రార్థన చెయ్యమని ఎవరైనా అడిగితే అప్పుడు చెయ్యండి, తప్పకుండా చెయ్యండి. సిక్కుల గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే లంగర్ భోజనానికి వెళ్ళినవాళ్ళని ఎవరూ నీ మతమేంటని అడగరు. కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టింది, ఆమెని ఇప్పటికీ అన్నపూర్ణ అంటారు. మంచి ఎక్కడ కనిపించినా నేర్చుకోవడంలో మనకి చిన్నతనమేమీ లేదు.

ఫోటోల సంగతి కూడా అంతే. పొట్లం మనిషి చేతిలో ఉంటుంది, మన చెయ్యి కూడా దాని మీదే ఉంటుంది, ఫోటో తీసేదాకా వదలం. ఆ మనిషికి ఊళ్ళో కూతురుంటుంది. హైదరాబాద్‌లో మంచి పనిలో ఉన్నానని ఆమెకి ఫోన్లో చెప్పి ఉంటాడు. ఆ ఫోటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆ ఊరికి చేరితే? చందా ఇచ్చినవాళ్ళకి లెక్క చూపించాలంటే బియ్యం బిల్లు చూపించండి, కూరగాయల బిల్లు చూపించండి. మనుషుల ముఖాలు మన లెక్కల్లోకి రావు.

నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న కైసరయ పట్టణపు బిషప్పు బాసిల్ గురించి క్లుప్తంగా చెప్తాను. 369 ప్రాంతంలో అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. ఆయన ధనికుల గాదెలు తెరిపించాడు, ఆకలిగా ఉన్నవాళ్ళందరినీ ఒక చోటికి చేర్చి, నడుముకి తువ్వాలు కట్టుకుని పప్పు సూపు స్వయంగా వడ్డించాడని ఆయన స్నేహితుడు గ్రెగరీ చెప్పాడు. తర్వాత ఊరి బయట రోగులకీ, దిక్కులేనివాళ్ళకీ ఒక పెద్ద ఆశ్రయమే కట్టించాడు. నీ దగ్గర మిగిలిపోయిన రొట్టె ఆకలిగొన్నవాడిదే, నీ పెట్టెలో మూలుగుతున్న వస్త్రం బట్ట లేనివాడిదే అని ఆయన బోధించేవాడు. అంటే, పెట్టినప్పుడు మనం దానం చేశామని అనుకోవడానికి వీల్లేదు. వాళ్ళది వాళ్ళకి చేరిందంతే.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మన కమిటీలన్నీ చదవాలి. ఆదిసంఘంలో వచ్చిన సణుగుడు సిద్ధాంతం గురించి కాదు, భోజనాల గురించి. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి రోజూ పంచేదాంట్లో అందడం లేదు. అపొస్తలులు ఏం చేశారు? వడ్డించే పనికి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళని కాదు. మంచిపేరు, ఆత్మ, జ్ఞానం ఉన్నవాళ్ళని వెతకమన్నారు. స్తెఫను ఆ ఏడుగురిలో ఒకడు. మనం ప్రసంగానికి డాక్టరేటు ఉన్నవాళ్ళని పిలుస్తాం, అన్నాల దగ్గరికి ఎవరో ఒకర్ని తోసేస్తాం. ఎవరికి అందలేదో చూడగలిగే కళ్ళున్న మనిషి ఆ బల్ల దగ్గర కావాలి.

మా సంఘంలో మేం గురువారం రాత్రి చేసేది చెప్తాను. గొప్ప కోసం కాదు, మీరు చెయ్యడానికి వీలుగా ఉంటుందని. గేటు తీసి పెడతాం. లోపల చెట్టు కింద పట్టాలు పరుస్తాం, కింద కూర్చోలేనివాళ్ళకి బెంచీలు వేస్తాం. చెయ్యి కడుక్కోవడానికి డ్రమ్ములో నీళ్ళు, సబ్బు, తువ్వాలు. మోదుగ విస్తర్లు. అందరూ కూర్చున్నాక ఉప్పు, పచ్చడి, పప్పు, కూర, అన్నం, చివర్లో మజ్జిగ. వడ్డించేవాళ్ళలో సగంమంది వడ్డిస్తే మిగతా సగం తినడానికి వచ్చినవాళ్ళ పక్కనే విస్తరేసుకుని తింటారు. ఇది అన్నిటికంటే కష్టమైందని మొదట్లో మా పిల్లలకి అనిపించింది. పెట్టడం తేలిక, పక్కన కూర్చుని తినడం కష్టం. పేరు పెట్టి పిలుస్తారు. పేరు చెప్పడం ఇష్టం లేనివాళ్ళని అవ్వా, పెద్దాయనా, అన్నా అంటారు. ఏయ్, నువ్వు, ఇటు రా అన్నవి ఉండవు.

అక్కడికి ఒక తాపీమేస్త్రి వచ్చేవాడు. మక్తల్ వైపు మనిషి. పరంజా మీదనుంచి పడి కాలు విరిగింది, సరిగా అతుక్కోలేదు, పని పోయింది. మొదటిసారి వచ్చినప్పుడు విస్తరి ముందు కూర్చుని అన్నం వేసినా చెయ్యి పెట్టలేదు. బాగా లేదా అని ఒక అమ్మాయి అడిగితే బాగానే ఉందని తలూపాడు, చెయ్యి మాత్రం కదల్లేదు. ఏంటా అని చూస్తే, ఆ పంక్తి చివర కూర్చున్న ముసలామెకి ఇంకా పప్పు పడలేదు. పంక్తిలో అందరికీ వడ్డన అయ్యేదాకా ఎవరూ మొదలుపెట్టకూడదని అతనికి చిన్నప్పటి అలవాటు. మా పిల్లలకి ఆ మర్యాద తెలియదు, బఫేలలో పెరిగినవాళ్ళు. కొన్ని వారాలయ్యాక అతను మజ్జిగ బకెట్ అందుకున్నాడు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గరిటె, బకెట్ మోయడానికి మా కుర్రాడు. వరసలో ఎవరికి ఏది పడలేదో అతనికి మా అందరికంటే ముందు తెలిసేది. మూలన ఆమెకి ఉప్పు లేదు చూడండి అని అరిచేవాడు. ఎన్ని పొట్లాలు పంచినా ఈ మనిషి గురించి మాకు తెలిసేది కాదు, అతను ఒక చెయ్యిగానే మిగిలిపోయేవాడు.

ఇది చాలదని కూడా చెప్పాలి. యెషయా 58లో దేవుడు తనకిష్టమైన ఉపవాసం ఏదో చెప్తూ, ఆకలిగొన్నవాడికి ఆహారం పెట్టమని ఆగలేదు, "దిక్కుమాలిన బీదలను నీ యింట చేర్చుకొనుటయు" అన్నాడు. మనం మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశాం. పట్టణాల్లో లక్ష జనాభాకి వందమంది పడుకోగలిగే ఒక రాత్రి బస ఉండాలని ప్రభుత్వ పథకం నియమాల్లోనే రాశారు. మన వార్డులో ఎక్కడుంది, ఆడవాళ్ళకి విడిగా ఉందా, తలుపులు ఎన్నింటికి మూస్తారు అని వెళ్ళి చూసినవాళ్ళు చేతులెత్తమంటే ఎంతమంది ఎత్తుతారు? హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం ఉంది. మధ్యాహ్నం అది దొరికే చోట మనం కూడా వెళ్ళి పోటీగా పెట్టనక్కర్లేదు, అది లేని వేళ, లేని చోటు చూసుకోవాలి. ఆధార్ లేనివాళ్ళకి పెన్షన్, రేషన్ దొరకడం చాలా కష్టం. మన సంఘంలో చదువుకున్న పిల్లలు ఒక్క పూట మీ-సేవకి తోడు వెళ్తే, ఆ మనిషికి నెలనెలా అన్నం దొరికే దారి పడుతుంది.

ఇంకో సంగతి. ఈ హాలు రాత్రి పూట తాళం వేసి ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మనం లోపల క్యారల్స్ పాడుకుని, తాళం వేసి వెళ్తాం, గోడ అవతల మనుషులు సిమెంటు బస్తాలు కప్పుకుని పడుకుంటారు. వచ్చే చలికాలం నుంచి కనీసం ఆడవాళ్ళకి, పిల్లలకి ఈ హాలు తెరుద్దామని మా స్త్రీల సమాజం తరఫున అడుగుతున్నాం. కాపలా మేం ఉంటాం, పొద్దున ఊడ్చి కడిగి ఇస్తాం. కార్పెట్ పాడవుతుందని ఎవరో అన్నారు. కార్పెట్ చుట్టి పక్కన పెట్టేద్దాం.

చీటీల మీద కొన్ని ప్రశ్నలు పంపించారు, రెండు చదువుతాను. "ఊరికే పెడితే సోమరులైపోరా? పని చేయనివాడు తినకూడదని పౌలు చెప్పాడు కదా?" పౌలు ఆ మాట థెస్సలొనీక సంఘంలో, పని మానేసి పరుల జోలికి పోయేవాళ్ళకి చెప్పాడు. సంఘంలో ఉన్న మనకి చెప్పాడు. దాన్ని గేటు బయటున్న మనిషి మీద వాడకండి. తెల్లవారుజామున మూడింటికి గోనెసంచి భుజాన వేసుకుని బయల్దేరే ఆడమనిషి మనలో ఎవరికంటే సోమరి? ఒక పూట పప్పన్నానికి ఎవరూ జీవితాన్ని రోడ్డు మీద పారేసుకోరు.

రెండోది, "తాగి వచ్చేవాళ్ళకి కూడా పెట్టాలా?" పెట్టాలి. గొడవ చేస్తే పక్కకి తీసుకెళ్ళి విడిగా కూర్చోబెట్టి పెట్టండి, పిల్లల దగ్గర కూర్చోబెట్టకండి. ఒకళ్ళు తోడుండండి. ఖాళీ కడుపుతో తాగినవాడికి అన్నం ఇంకా ఎక్కువ అవసరం. మానిపించడం వేరే పని, అది చెయ్యగలిగే డాక్టర్లు ఉన్నారు, అతను సరే అన్నరోజు తీసుకెళ్దాం. మన ఇళ్ళల్లో తాగి వచ్చిన అన్నకో కొడుక్కో అన్నం మూతపెట్టి ఉంచుతాం కదా.

సరే, టైమైంది, పాస్టరుగారు గడియారం చూస్తున్నారు. వెనక బల్ల దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. అందులో మూడు పేజీలు విడగొట్టాం. వండేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, పక్కన కూర్చుని తినేవాళ్ళు. మొదటి రెండు పేజీలు ఇప్పటికే నిండాయి, మూడోది ఖాళీగా ఉంది, అందులో రాయండి. గురువారం ఆరున్నరకల్లా రావాలి, ఉల్లిపాయలు తరగాలి. విస్తర్లు తెచ్చే తమ్ముడు ఈ వారం ఊరెళ్తున్నాడు, మోండా మార్కెట్ వైపు నుంచి వచ్చేవాళ్ళెవరైనా తేగలిగితే నాకు చెప్పండి. స్టోర్‌రూమ్‌లో పెద్ద అన్నం గిన్నెలు రెండు మూతలు లేకుండా ఉన్నాయి, అవి ఎవరింటికైనా పొరపాటున వెళ్ళి ఉంటే దయచేసి గురువారంలోపు తిరిగి తెచ్చివ్వండి.